గాజుమేడల అందము - అద్దము బిగించువాని క్షేమము

ఒక కట్టడమును విమర్శించునపుడు మనము దాని ఆకారమును, ఎత్తును, వెలుతురును చూతుము. ఆ అద్దమును అంత ఎత్తున బిగించినవాడు ఎక్కడ నిలిచెను, దేనిని పట్టుకొనెను అని మాత్రము అడుగము. గాజుమేడల విషయమున ఈ ప్రశ్న లేని విమర్శ సగము విమర్శయే. ఇందుకు అమెరికాలోని బోస్టన్ నగరమున జాన్ హాంకాక్ టవరుగా ప్రసిద్ధి చెందిన మేడను ఉదాహరణముగా తీసికొందము.

ఈ మేడకు 60 అంతస్తులు. ఎత్తు 790 అడుగులు. ఐ. ఎం. పే సంస్థకు చెందిన హెన్రీ కాబ్ దీనికి రూపకల్పన చేసెను. నలువైపుల అద్దమే. ప్రక్కనున్న పాత చర్చి దానిలో ప్రతిబింబించును; ఆకాశము దానిలో కరగినట్లుండును. ఈ అందమును కాదనువారు లేరు. 1977లో అమెరికన్ వాస్తుశిల్పుల సంస్థ దీనిని గౌరవించినది. 2011లో మరల గౌరవించినది.

ఈ రెండు గౌరవములకు ముందు జరిగిన కథ వేరు. గోడలకు కావలసిన గాజు పలకలు 10,344. ఒక్కొక్కటి నాలుగున్నర అడుగుల వెడల్పు, పదకొండున్నర అడుగుల ఎత్తు, సుమారు 227 కిలోల బరువు. మొదట అమర్చిన పలక ఒకటి కాదు, నడుమ ఖాళీతో రెండు పలకల జంట. వాని అంచులను సీసపు టంకముతో అతికిరి. గాలికి పలక వంగును, ఎండకు వ్యాకోచించును. అతుకు కొంచెము సాగినచో ఈ ఒత్తిడిని తానే భరించును. సీసపు అతుకు మిక్కిలి బిగువుగా నుండి ఒత్తిడినంతయు గాజునకే అప్పగించెను. గాజు పగిలెను. 1973 జనవరి గాలివానలో అనేక పలకలు దెబ్బతినగా, వాని స్థానమున ప్లైవుడ్డు చెక్కలు బిగించవలసివచ్చెను. తుదకు పలకలన్నింటిని మార్చి ఒంటి టెంపర్డ్ గాజును పెట్టిరి. మేడ 1976లో ప్రారంభమైనది.

దీనిని అతుకు దోషమని, ధననష్టమని సాధారణముగా వ్రాయుదురు. నేను చూచు లెక్క మరొకటి. ఒకసారి బిగించిన పలకలను విప్పవలసివచ్చెను; మరల 10,344 పలకలను పైకెత్తి బిగించవలసివచ్చెను. ఎత్తిన ప్రతిసారి కొందరు మనుష్యులు బరువునకు, గాలికి, ఎత్తునకు ఎదురు నిలిచిరి. రూపకల్పనలో చేసిన చిన్న నిర్ణయము వారి అపాయమును రెట్టింపు చేసెను.

ఈ అపాయము ఎట్టిదో భౌతికశాస్త్రము సులభముగా చెప్పగలదు. మా కళాశాల దారిలో ఇద్దరు పనివారు చేతులకు గుడ్డపేలికలు చుట్టుకొని పెద్ద పలకను మోయుచుండగా చూచితిని. వీధి మలుపున గాలి తగలగానే ఇద్దరును తూలి, పలకను నేలకానించి దాని వెనుక కూర్చుండిరి. బోస్టన్ పలకంత వైశాల్యముపై గంటకు 18 కిలోమీటర్ల గాలి ఎదురుగా కొట్టినచో తోపుడు సుమారు 7 కిలోల బరువునకు సమానము. 36 కిలోమీటర్లయినచో 29 కిలోలు. వేగము రెండింతలైన తోపుడు నాలుగింతలగును. క్రింద హాయిగానున్న గాలి ఇరువదవ అంతస్తున హాయిగా నుండదు.

రెండవది నిలువుగా ఆనించి ఉంచిన పలకల దొంతర. అట్టి పలకలు అయిదు ఒరిగినవనుకొందము. మొత్తము బరువు 1,100 కిలోలకు పైమాట. నిలువునుండి 5 డిగ్రీలు ఒరిగినపుడు పై అంచున పట్టి ఆపుటకు సుమారు 50 కిలోల బలము చాలును. 30 డిగ్రీలకు చేరునప్పటికి 280 కిలోలు కావలెను. ఆపగలనని చేయి చాచినవాడు మరుక్షణమున దాని క్రింద నుండును. ఒరుగుచున్న గాజును పట్టరాదు, తప్పుకొనవలెను. ఈ సంగతి పనిలో చేరిన మొదటి దినముననే చెప్పవలెను. దొంతరను వాలు చట్రమునకు ఆనించి కట్టి ఉంచుట అంతకంటె మేలు.

మూడవది పలకలను ఎత్తు రబ్బరు సక్షన్ కప్పు. దానిని పట్టి ఉంచునది వాతావరణ పీడనము. అయితే నిలువు పలక క్రిందికి జారకుండ ఆపునది ఘర్షణ. దుమ్ము గాని తడి గాని ఉన్నచో ఆ ఘర్షణ పోవును. తుడుచుట శుభ్రత కొరకు కాదు, ప్రాణము కొరకు.

ఇక "సేఫ్టీ గ్లాస్" అను పేరును కూడ విమర్శింపవలసియున్నది. టెంపర్డ్ గాజు పగిలినపుడు కత్తులవంటి ముక్కలు గాక చిన్న గుళ్లగును. లామినేటెడ్ గాజు పగిలినను నడిమి పొరకు అంటుకొని యుండును. ఇవి గొప్ప సుగుణములే. కాని ఆ క్షేమము ముఖ్యముగా మేడలో నివసించువానిది. బిగించువానికి దాని బరువు మామూలు గాజు బరువే. పైగా టెంపర్డ్ గాజును తయారైన పిదప కోయరాదు, తొలచరాదు. కొలతలో తప్పు వచ్చినచో ఆ పలకను దింపి మరియొకటి ఎత్తవలసినదే.

ప్రమాదము జరుగగానే "పనివాని అజాగ్రత్త" అనుట వాడుక. చేతితొడుగులు, హెల్మెట్టు, శరీరమంతటిని పట్టియుంచు హార్నెస్సు తప్పక ఉండవలెను. వానిని నేను తక్కువ చేయుట లేదు. అవి చివరి కాపుదల. మొదటి కాపుదల గీతల బల్లపైననే ఉన్నది. చట్రములోనే గాజును కర్మాగారమున బిగించి, అంతస్తు లోపలినుండి తగిలించు పద్ధతి నేడున్నది. దానివలన వెలుపల వ్రేలాడు పని చాల తగ్గును. అయితే తగిలించు చట్రము మరింత బరువగును, క్రేను తప్పనిసరియగును. కనుక ఆ లెక్కయు ముందుగనే వేయవలెను.

హైదరాబాదు పడమటి దిక్కున గాజుమేడలు బారులు తీరి లేచినవి. వానిని మెచ్చుకొనుటకు ముందు మూడు ప్రశ్నలు అడుగుదము. ఒక్క పలక బరువెంత, అది ఏ దారిన పైకెక్కినది? దానిని లోపలినుండి బిగించిరా, వెలుపలినుండియా? పగిలిన నాడు మార్చువాడు ఎక్కడ నిలుచును? ఈ మూడింటికి రూపశిల్పి జవాబు చెప్పగలిగినచో ఆ మేడ నిజముగా అందమైనదే. చెప్పలేనిచో, ఆ అద్దములో ఆకాశము ఎంత చక్కగా కనిపించినను, దానిని మోసినవాని మేలు మాత్రము కనిపించదు.