వంగని నడుము

మాటలు సరిగా రాని పిల్లలకు వైద్యం చేసేవాళ్లం చెవికన్నా కంటినే ఎక్కువ నమ్ముకోవాలి. వెన్నెముకకు ఇన్ఫెక్షన్ సోకినప్పుడు ఇది మరీ నిజం. మొన్నటిదాకా ఇల్లంతా పరుగులు తీసిన రెండేళ్ల పిల్ల ఉన్నట్టుండి నడవనంటుంది. కూర్చోబెడితే ఏడుస్తుంది, పడుకోబెడితే ఊరుకుంటుంది. జ్వరం ఉండొచ్చు, లేకపోవచ్చు. ఇంట్లోవాళ్లు కాలు బెణికిందనుకుని తుంటికీ మోకాలికీ ఎక్స్‌రేలు తీయించుకుని వస్తారు.

అలాంటి బిడ్డను నేను వెంటనే ముట్టుకోను. ముందు నేలమీద ఒక బొమ్మ పెడతాను. వెన్ను నొప్పిగా ఉన్న పిల్ల నడుము వంచదు. వీపు బిగబట్టి, మోకాళ్లు మడిచి కిందికి దిగి బొమ్మ అందుకుంటుంది. తొడమీద చెయ్యి ఆన్చి లేస్తుంది. నొప్పి ఎక్కడుందో అప్పుడు తెలుస్తుంది.

మొదటి రెండు మూడు వారాలు ఎక్స్‌రేలో ఏమీ కనిపించకపోవచ్చు. రక్తపరీక్షలో వాపును సూచించే ఈఎస్ఆర్, సీఆర్పీ పెరిగాయేమో చూసి, ఎంఆర్ఐ తీయించాలి. బిడ్డ పరిస్థితి నిలకడగా ఉంటే, యాంటీబయాటిక్ మొదలుపెట్టకముందే కల్చర్‌కు రక్తం పంపాలి. ఎక్కువసార్లు కారణం స్టెఫిలోకాకస్ అనే బ్యాక్టీరియా. నాలుగేళ్లలోపు వాళ్లలో కింగెల్లా కూడా ఉంటుంది. అది మామూలు కల్చర్‌లో సులభంగా పెరగదు, పీసీఆర్ పరీక్షలో దొరుకుతుంది. సకాలంలో గుర్తిస్తే చాలామందికి ఆపరేషన్ లేకుండానే నయమవుతుంది.

మన దేశంలో క్షయను మరిచిపోకూడదు. 1779లో పెర్సివల్ పాట్ వర్ణించిన ఈ వెన్నుజబ్బు నెలల తరబడి నెమ్మదిగా ముదురుతుంది. బరువు తగ్గుతుంది. నిద్రలో కండరాల బిగువు సడలగానే నొప్పి పుట్టి, బిడ్డ కెవ్వుమని లేస్తుంది. వీపుమీద చిన్న బొడిపె కనిపించేసరికి పూస కొంత కుంగిపోయి ఉంటుంది. సూదితో తీసిన చీమునో ముక్కనో జీన్ఎక్స్‌పర్ట్ పరీక్షకు పెడితే క్షయ క్రిమితోపాటు, దానికి రిఫాంపిసిన్ మందు పనిచేస్తుందో లేదో కూడా కొన్ని గంటల్లోనే తెలుస్తుంది. మందులు సాధారణంగా 12 నెలలు వాడాలి. ప్రభుత్వ కేంద్రాల్లో ఉచితంగానే ఇస్తారు.

మందుల కోర్సు పూర్తయ్యాక తల్లిదండ్రులు ఊపిరి పీల్చుకుంటారు. నా జాగ్రత్త మాత్రం అప్పుడే పెరుగుతుంది. క్రిమి చచ్చినా వెన్ను ఇంకా ఎదుగుతూనే ఉంటుంది. కోయంబత్తూరు సర్జన్ ఎస్. రాజశేఖరన్ క్షయ సోకిన పిల్లలను 15 ఏళ్లపాటు గమనించి 2001లో ఫలితాలు ప్రచురించారు. జబ్బు నయమయ్యాక ఎదిగేకొద్దీ కొందరిలో వంపు తగ్గింది, కొందరిలో ఏటేటా పెరిగింది. ఎవరికి పెరుగుతుందో ముందే పసిగట్టడానికి ఆయన చెప్పిన నాలుగు ఎక్స్‌రే గుర్తులు నాకు రోజూ పనికొస్తాయి. అవి కనిపిస్తే గూని ముదరకముందే ఆపరేషన్ గురించి ఆలోచించవచ్చు.

అందుకే తల్లిదండ్రులను అడిగేది ఒక్కటే. నొప్పి పోయిందని, బిడ్డ మళ్లీ ఆడుకుంటోందని రావడం మానేయకండి. ఎదుగుదల ఆగేదాకా ఏటా ఒకసారి ఆ వీపును మాకు చూపించండి.