చిత్రప్రమాణ విచారము: మాయాబజారు రూపాంతరము

ఒక గ్రంథమునకుఁ బాఠభేదములు గలిగినపుడు ఏది కవికృతము, ఏది లేఖకకల్పితము అని నిర్ణయించుట పరిష్కర్తకుఁ బ్రథమకర్తవ్యము. చలనచిత్రములకును అట్టి పాఠభేదములు గలవు. 1957లో వెలువడిన మాయాబజారు 2010లో రంగులు దిద్దఁబడి మరల విడుదలయైనది. అప్పుడే చిత్రముయొక్క ఆకృతియు సినిమాస్కోపు కొలఁతకు మార్పఁబడెను. రంగులకంటె నీ రెండవ మార్పే విచారింపఁదగినది. ఏలయన, రంగు ఉన్నదానిపైఁ బూయఁబడునది, కొలఁత ఉన్నదానినే మార్చునది.

చిత్రముయొక్క ఎత్తును 1గాఁ గొన్నచో వెడల్పెంతయో అదియే చిత్రప్రమాణము. మూకచిత్రములకు అది 1.33, 1932లో హాలీవుడ్డు అకాడమీవారు 1.37గా స్థిరపఱచిరి. కె.వి. రెడ్డిగారు దర్శకులుగా, మార్కస్ బార్ట్లీగారు ఛాయాగ్రాహకులుగా నిర్మితమైన మాయాబజారు ఈ పూర్వసంప్రదాయమునకుఁ జెందినది. 1953లో ‘ది రోబ్’ అను నాంగ్లచిత్రముతో సినిమాస్కోపు ప్రవేశించెను. కాలక్రమమున దాని ప్రమాణము 2.35గా రూఢమయ్యెను. తెలుఁగున దానిని మొదటఁ గైకొన్నది 1974 నాఁటి అల్లూరి సీతారామరాజు. నేఁటి టెలివిజను తెరలు 16కు 9 పాళ్లు, అనఁగా 1.78.

ఒక ప్రమాణముగల చిత్రమును వేఱొక ప్రమాణముగల తెరకుఁ జేర్చుటకు మూఁడు మార్గములు గలవు. వానిని వ్యాకరణపరిభాషచే ఆగమము, లోపము, ఆదేశము అనవచ్చును. ప్రక్కలనో క్రిందుమీఁదులనో నల్లని పట్టెలఁ జేర్చుట ఆగమము. అంచులఁ గోసివేయుట లోపము. చిత్రమును సాగఁదీసి దేహముల సహజపరిమాణమునకు మాఱుగా నింకొక పరిమాణము నిలుపుట ఆదేశము. ఆగమము మిత్రునివలెఁ బ్రక్కఁ జేరును. ఆదేశము శత్రువువలె నున్నదానిని ద్రోసివైచును.

1.37 ప్రమాణముగల చిత్రముతో 2.35 తెరను బూర్తిగ నింపఁదలఁచినచో ఎత్తులో నూటికి సుమారు 42 పాళ్లు కోల్పోవలెను. లేదా వెడల్పును 1.7 రెట్లు సాగఁదీయవలెను. రెండింటిని గొంతకొంత కలుపవచ్చును గాని రెండింటిని దప్పించుకొనుట యసాధ్యము. వివాహభోజనఘట్టమునఁ గూర్చుండి ఘటోత్కచుఁడు దేహమును బెంచును. ఆ పెరుఁగుదల కనఁబడవలెనన్న తలపై రిక్తస్థలమును, ముందు భక్ష్యరాశియు నుండవలెను. పైభాగము గోసినచోఁ బెరుఁగుటకుఁ జోటు లేదు. క్రిందిభాగము గోసినచో భోజనము లేదు. సాగఁదీసినచో రాక్షసుఁడు పెరిగినవాఁడు గాక చదునైనవాఁ డగును.

లోపమునందు మఱియొక విశేషము గలదు. శాస్త్రమున లోపమనఁగా నదర్శనమే; సూత్ర మెఱిఁగినవాని బుద్ధియందు లోపించిన ప్రత్యయము నిలిచియే యుండును, దాని కార్యమును జరుగును. 1957 నాఁటి ప్రతిని జూడని బాలునకో, తొలఁగింపఁబడిన భాగ మొకటి యున్నట్లే తెలియదు. నష్టము నెఱుఁగకుండుటయే యిందలి పెద్ద నష్టము.

తెర నిండకున్నఁ బ్రేక్షకులు తృప్తి చెందరనియు, కొత్తరూపము లేకున్న యువజను లీ చిత్రమును జూడకయే యుందురనియుఁ గొంద ఱనవచ్చును. ఇందు రెండవది కొంత సత్యము. రంగులకు వచ్చినవారు కథకుఁ జిక్కిరి. కాని దానిచే మొదటిది సిద్ధింపదు. తాటాకు చాలలేదని సీసపాదమును గుదించువాఁడు లేఖకుఁడు గాఁడు. పాదము రెండవ పంక్తికిఁ బోవును గాని గణములు తఱుగవు. ఈ చిత్రమునందే శశిరేఖ ప్రియదర్శినీపేటికలో నభిమన్యునిఁ జూచును. పేటిక చిన్నదని యామె వగవదు. అభిమన్యుఁడు కానవచ్చుటయే యామెకుఁ జాలును.

ఇదే న్యాయము విపర్యయమునను వర్తించును. సినిమాస్కోపు చిత్రమును 4కు 3 పాళ్ల పాతటెలివిజను తెర నిండునట్లు చూపినపుడు వెడల్పులో నూటికి 43 పాళ్లు పోయెడివి. అప్పుడు మాటాడుకొను నిద్దఱిలో నొకఁడు మాయమై, రెండవవాఁడు శూన్యముతో సంభాషించుచున్నట్లు తోఁచును.

కె.వి. రెడ్డిగారు 1972లోనే దివంగతులైరి. కావున 2010 నాఁటి మార్పునకు వారి యనుమతి నడుగుట సాధ్యము గాకుండెను. కర్త లేనిచోఁ బరిష్కర్త బాధ్యత యినుమడించును. రూపాంతరముఁ జేయువారు మూలప్రమాణమును జిత్రాదియందుఁ బేర్కొనవలెను. మూలప్రతియు లభ్యముగ నుండవలెను. నేఁటి 16కు 9 తెరపై మూలచిత్రము వెడల్పులో నూటికి 77 పాళ్ల నాక్రమించును. తక్కినది నలుపు. ఆ నలుపు లోపము గాదు; మూలపాఠము భద్రముగ నున్నదనుటకుఁ జిహ్నము. పాఠశాలలయం దీ చిత్రమును జూపు నుపాధ్యాయులు ఈ సంగతిని విద్యార్థులకు ముందే తెలుపుట యుచితము.