జెండా కప్పుకున్న ముఖం

ముస్లింను మంచివాడుగా చూపించాలంటే చేతిలో జెండా పెట్టాలి. మన సినిమాలకు అలవాటైన ఈ సూత్రం అమెరికాలో ఒక మంచి చిత్రకారుడి చేతిలోనూ కనిపిస్తే మేము మాట్లాడక తప్పదు.

షెపర్డ్ ఫెయిరీ 1989లో వీధి స్టిక్కర్లతో మొదలై, 2008లో ఒబామా ముఖంతో వేసిన 'హోప్' పోస్టరుతో లోకమంతా తెలిసినవాడు. ఆయన ప్రధాన సాధనం స్క్రీన్ ప్రింటింగ్. మన ఊళ్లలో పెళ్లి కార్డులు అచ్చువేసే పద్ధతే. చట్రానికి బిగించిన గుడ్డలోంచి రబ్బరు బద్దతో రంగును కాగితం మీదికి నెడతారు. ఒక్కో రంగుకు ఒక్కో తెర. ఎరుపు, ముదురు నీలం, గోధుమ ఛాయ తెలుపు. ఆ కాసిని రంగులతోనే ఆయన ముఖాలు లేస్తాయి. ఎంత దూరం నుంచైనా కళ్లకు తగులుతాయి. ఊరేగింపులో పట్టుకోవడానికి ఇంతకన్నా అనువైన బొమ్మ లేదు.

2017 జనవరిలో ట్రంప్ ప్రమాణ స్వీకారం నాటికి ఆయన 'వుయ్ ది పీపుల్' పేరుతో మూడు పోస్టర్లు వేశాడు. ప్రజలు 13 లక్షల డాలర్లకు పైగా చందాలిచ్చారు. పత్రికల్లో పూర్తి పేజీ ప్రకటనలుగా అవి ఇంటింటికీ చేరాయి. జనవరి 21న స్త్రీల ఊరేగింపుల్లో వేల చేతుల్లో కనిపించాయి. ఆ మూడింటిలో ఒకటి ముస్లిం స్త్రీ. అమెరికా జెండానే హిజాబ్‌గా కప్పుకుంది. ఒబామా పైకెక్కడో చూస్తాడు. ఈమె సూటిగా మన కళ్లలోకి చూస్తుంది. భయం లేదు, ప్రాధేయపడటం లేదు. ఆ చూపు మాకు నచ్చింది. ఆరు రోజుల తర్వాత ఏడు ముస్లిం దేశాల వారి రాకను నిషేధిస్తూ ఉత్తర్వు వచ్చినప్పుడు ఆ చూపు ఎంత అవసరమో తెలిసింది.

అయినా ఒక ప్రశ్న మిగిలింది. మిగతా రెండు పోస్టర్లలో ఉన్నది ఒక లాటినా స్త్రీ, ఒక నల్లజాతి బిడ్డ. వాళ్ల తలకు జెండా లేదు. ముస్లింకే ఎందుకు కావలసి వచ్చింది? ఈ ఊహ ఫెయిరీది కాదు. 2007లో రిద్వాన్ అధామీ అనే ముస్లిం ఫోటోగ్రాఫర్ న్యూయార్క్ స్టాక్ ఎక్స్ఛేంజి ముందు తీసిన ఫోటోదే. 2001 తర్వాత అనుమానం కింద బతికిన సమాజం తనంతట తానే జెండాను చేతికందుకుంది. కాబట్టి ఇక్కడ తప్పు కుంచెది కాదు, రుజువు అడిగే చూపుది. ఇంకొకటి కూడా ఉంది. హిజాబ్ లేకపోతే ముస్లిం స్త్రీని గుర్తుపట్టలేమన్నట్టుంది బొమ్మ. తల కప్పుకోని మా అక్కచెల్లెళ్లు ఏ పోస్టరులోకి రావాలి?

ఈ రుజువుల సంగతి మాకు కొత్త కాదు. 1991లో ఖాదర్ మొహియుద్దీన్ 'పుట్టుమచ్చ' రాసింది ఈ అనుమానం మీదే. 2019 డిసెంబరు నుంచి షాహీన్‌బాగ్‌లో కూర్చున్న స్త్రీలూ జెండా పట్టుకున్నారు. అయితే దాంతోపాటు రాజ్యాంగ ప్రవేశికనూ చదివారు. విధేయత చూపడానికి కాదు, హక్కు అడగడానికి. చేతిలో పట్టుకున్న జెండా వేరు, తలకు చుట్టిన జెండా వేరు. మొదటిది మేము మాట్లాడుతుండగా మా పక్కన ఉంటుంది. రెండోది మా బదులు మాట్లాడుతుంది.

అమెరికా రాజ్యాంగమూ మన రాజ్యాంగమూ ఒకే మాటతో మొదలవుతాయి. ఇంగ్లీషులో 'వుయ్' ఒక్కటే. తెలుగులో 'మేము' ఉంది, 'మనం' ఉంది. ఫెయిరీ పోస్టరు మమ్మల్ని 'మనం'లోకి పిలిచింది. ఆ పిలుపు నిజాయితీగలదే. కానీ గుమ్మం దగ్గర ఒక బట్ట కప్పి లోపలికి తీసుకెళ్లింది.

సెక్యులర్ మిత్రులకు మేము చెప్పేది ఇంతే. అదే ముఖాన్ని, అదే చూపును, అవే రంగుల్లో, జెండా లేకుండా అచ్చువేయండి. దాన్ని చూసి కూడా 'మనం' అనగలిగితే, అప్పుడు ఆ మాట నమ్ముతాం.