పడిగె చదివేవాళ్లు

మహబూబాబాద్ జిల్లా గంగారం మండలంలో పూనుగొండ్ల ఉంది. మేడారం జాతర దగ్గరపడిందంటే ఆ కోయగూడెంలో పెండ్లి హడావుడి మొదలవుతుంది. పెండ్లికొడుకు పగిడిద్దరాజు, సమ్మక్క భర్త. పెనక వంశపు వడ్డెలు, అంటే పూజారులు, గుడి శుద్ధి చేసి, రాజును పడిగె రూపంలో ముస్తాబు చేసి, డోలు చప్పుళ్లతో అడవిబాట పడతారు. మేడారం అక్కడికి అరవై కిలోమీటర్లకు పైమాటే. తారురోడ్లు వచ్చినా, బండ్లు వచ్చినా వాళ్లు కాలినడక మానలేదు. దారిలో ఒక రాత్రి ఆగి, మరునాడు గద్దె చేరతారు. కన్నెపల్లి నుంచి కాక వంశీయులు సమ్మక్క కూతురు సారలమ్మను, కొండాయి నుంచి దబ్బగట్ల వంశీయులు అల్లుడు గోవిందరాజును తెచ్చేదీ ఆ రోజే. ఆ తెల్లారి సాయంత్రం చిలుకలగుట్ట మీంచి సమ్మక్క దిగి వస్తుంది.

కోటిమంది దాకా వచ్చే జాతర ఇది. బంగారంగా సమర్పించే బెల్లం, ఎదురుకోళ్లు, జంపన్నవాగు స్నానాల గురించి అందరూ రాస్తారు. ఆ జనసందోహంలో పడిగె మీద కన్ను నిలిపేవాళ్లు తక్కువ. కోయల జ్ఞానమంతా ఎక్కడ దాగి ఉందని ఎవరైనా అడిగితే, నేను ముందుగా దాన్నే చూపిస్తాను.

పడిగె అంటే పొడవాటి త్రికోణపు గుడ్డ. దాని మీద రంగు గుడ్డముక్కలను బొమ్మలుగా కత్తిరించి, అంచులు మడిచి, సూదితో కుట్టి అతికిస్తారు. సూర్యచంద్రులు, పులి, పక్షి, గుర్రం మీద వీరుడు, వేల్పు రూపాలు ఒకదాని పక్కన ఒకటి వస్తాయి. ఒక్కో వంశానికి దాని పడిగె దానిదే. ఒకరి ఇలవేల్పు పడిగెను ఇంకొకరు ఎత్తరు. బట్ట జీర్ణిస్తే పాతదాన్ని ముందు పెట్టుకుని కొత్తది కుట్టించుకుంటారు. బొమ్మల వరుస మారకూడదు. దారం కొత్తదైనా కథ పాతదే నిలవాలి.

బొమ్మలు వాటంతటవి మాట్లాడవు. వాటిని చదవడానికి డోలీలు ఉన్నారు. కోయల్లో చరిత్ర పాడటమే వృత్తిగా వచ్చిన కుటుంబాలు వీళ్లవి. వేల్పుల పండుగ నాడు వడ్డె గుడిసెలోంచి వేల్పులను బయటికి తెస్తాడు. వాగుకో గోదావరికో తీసుకుపోయి స్నానం చేయిస్తారు. పడిగె ఎత్తుతారు. డోలు మోగుతుంది, తూతకొమ్ము పలుకుతుంది. డోలి పాట అందుకుంటాడు, కొంత కోయలో, కొంత తెలుగులో. వంశం ఎలా పుట్టింది, ఏ ఏరు దాటి వచ్చింది, ఎవరితో పోరాడింది, ఎవరిని పోగొట్టుకుంది అన్నీ ఆ పాటలో వస్తాయి. ముందు కూర్చున్నవాళ్లు ఆ వంశం వాళ్లే కాబట్టి తప్పు పాడితే పట్టుకునే పెద్దలు అక్కడే ఉంటారు. ఇలా గుడ్డ మీది బొమ్మ, డోలి గొంతు, వినేవాళ్ల జ్ఞాపకం మూడూ ఒకదాన్నొకటి సరిచూసుకుంటాయి. వందల ఏండ్లు రాత లేకుండానే చరిత్ర చెదరకుండా ఉండటానికి ఈ ఏర్పాటే ఆధారం.

పాట ఎందుకు తప్పకూడదో గట్టు గురించి తెలిస్తే అర్థమవుతుంది. కోయ ఇంటిపేర్లన్నీ మూడో గట్టు, నాలుగో గట్టు, అయిదో గట్టు అంటూ ఏడో గట్టు దాకా విభజించి ఉంటాయి. ఒకే గట్టు వాళ్లు అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ల వరుస. వాళ్ల మధ్య పెండ్లి కూడదు. అంటే డోలి పాడేది వినోదం కోసం కాదు. ఎవరు ఎవరికి ఏమవుతారు, ఏ చెట్టు కింద ఎవరి వేల్పు ఉంది, చావుకు పుట్టుకకు ఎవరిని పిలవాలి అన్నది ఆ పాటతోనే తేలుతుంది. అడవినీ చుట్టరికాన్నీ దైవాన్నీ విడదీయని చూపు అది. సమ్మక్కకు విగ్రహం లేదు. గుట్ట మీంచి తెచ్చే కుంకుమభరిణే ఆమె. జాతర ముగిసి వనప్రవేశం చేశాక దేవత తిరిగి అడవిదే.

మేడారానికి దగ్గర్లోనే పాలంపేటలో రామప్ప గుడి ఉంది. కాకతీయ సేనాని రేచర్ల రుద్రుడు 1213లో దాన్ని కట్టించినట్టు శాసనం చెబుతుంది. 2021లో యునెస్కో గుర్తింపు కూడా దక్కింది. రాతి మీద రాయించగలిగిన వాళ్ల చరిత్ర అది. అదే కాకతీయుల సైన్యానికి ఎదురునిలిచి నేలకొరిగిన వాళ్ల కథ గుడ్డమీదా గొంతులోనూ మిగిలింది. కరువొచ్చి కప్పం కట్టలేకపోయిన ఏడాది ప్రతాపరుద్రుడి సేన దండెత్తిందని, పగిడిద్దరాజు, సారలమ్మ, ఇంకో కూతురు నాగులమ్మ, గోవిందరాజు పోరులో ఒరిగారని, కొడుకు జంపన్న సంపెంగవాగులో ప్రాణం విడిచాడని, గాయపడ్డ సమ్మక్క చిలుకలగుట్ట వైపు వెళ్లి అదృశ్యమైందని కోయలు చెప్పుకుంటారు. ఓడినవాళ్ల పక్షాన నిలబడి కోటిమంది మొక్కే జాతర ఇంకెక్కడ ఉందో నాకు తెలియదు.

ఆ కరువుతో కష్టం ముగియలేదు. నిజాం కాలంలో అడవికి హద్దురాళ్లు పడ్డాయి, పోడు చేసుకునేవాడు నేరస్థుడయ్యాడు. తెలంగాణ సాయుధ పోరాటం చివరి ఏండ్లలో, దళాలకు తిండి అందకుండా చేయాలని గోదావరి అడవుల్లో కోయగూడేలను ఖాళీ చేయించి జనాన్ని క్యాంపుల్లో కుక్కారు. గిరిజనేతరుల చేతికి భూమి పోకుండా 1970లో 1/70 చట్టం వచ్చింది. అయినా ఏజెన్సీ ఊళ్లలో చేతులు మారిన భూమి ఎంతో. 2006 అటవీ హక్కుల చట్టం అడవి భూమి మీద హక్కు దక్కడానికి 2005 డిసెంబర్ 13ను గీతగా పెట్టింది. ఆ 2005లోనే ఛత్తీస్‌గఢ్‌లో మావోయిస్టులకు వ్యతిరేకంగా సల్వాజుడుం మొదలైంది. ఆ హింస నుంచి పారిపోయి భూపాలపల్లి, ములుగు, మహబూబాబాద్, భద్రాద్రి అడవుల్లోకి వచ్చిన గొత్తికోయల్లో చాలామంది ఆ గీతకు అవతలే మిగిలిపోయారు. 2011లో సుప్రీంకోర్టు సల్వాజుడుంను రాజ్యాంగ విరుద్ధమంది. ఇక్కడ మాత్రం వాళ్ల గుడిసెలు కూలుతూనే వచ్చాయి. వేల్పును ఏ చెట్టు కింద పెట్టుకోవాలో తెలియని స్థితిని నేను తేలికగా తీసుకోలేను. కోయకు అది ఊరు పోవడం కంటే పెద్ద నష్టం.

ఇదే బాధ పడ్డవాళ్లు అమెరికా మైదానాల్లో ఉన్నారు, లకోటాలు. తొలిమంచు నుంచి మళ్లీ తొలిమంచు దాకా ఒక ఏడాదిగా లెక్కపెట్టి, ఏడాదికి ఒకే బొమ్మను అడవిదున్న తోలు మీద గీసుకునేవాళ్లు. దున్నలు కరువయ్యాక బట్ట మీద గీశారు. ఏ సంఘటన బొమ్మ కావాలో పెద్దలు కూర్చుని తేల్చేవాళ్లు. ఒక సంరక్షకుడు ఆ బొమ్మలను చూస్తూ కథ చెప్పేవాడు. 1833 నవంబర్‌లో ఉల్కలు వానలా కురిసిన రాత్రి చాలా తోళ్ల మీద నక్షత్రాలుగా ఉంది. ఆ ఒక్క గుర్తుతో మిగతా బొమ్మల తేదీలు తేల్చగలిగారు చరిత్రకారులు. ఆ జనానికి 1868 ఒప్పందం బ్లాక్ హిల్స్ మీద హక్కు రాసిచ్చింది. 1874లో అక్కడ బంగారం కనిపించింది, 1877లో కొండలు లాక్కున్నారు. 1890 డిసెంబర్ 29న వూండెడ్ నీ దగ్గర ఆడవాళ్లు, పిల్లలతో సహా వందలమందిని సైన్యం కాల్చిచంపింది. 1980లో అమెరికా సుప్రీంకోర్టు పది కోట్ల డాలర్లకు పైగా పరిహారం ఇమ్మంటే, మా కొండలు అమ్మకానికి లేవని వాళ్లు ఆ డబ్బు ఇప్పటికీ ముట్టలేదు. వూండెడ్ నీ నాటిదని చెప్పే ఒక పవిత్ర వస్త్రం గ్లాస్గో మ్యూజియంలో వందేండ్లకు పైగా ఉండి, లకోటాలు పట్టుబట్టాక 1999లో ఇంటికి చేరింది.

మన పడిగెల విషయంలోనూ ఇదే ప్రశ్న ముందుకొస్తుంది. జయధీర్ తిరుమలరావు లాంటి పరిశోధకులు ఊరూరా తిరిగి ఆదివాసీ కళారూపాలను, పడిగెలను వెలుగులోకి తెచ్చారు. ఆ పని జరగకపోతే బయటివాళ్లకు వీటి ఉనికే తెలిసేది కాదు. కానీ అద్దాల పెట్టెలోని పడిగెను ఎవరు చదువుతారు? గుడ్డను పురుగు పట్టకుండా కాపాడటం చేతనైన పని. గొంతును అలా దాచలేం.

భద్రాద్రి కొత్తగూడెం జిల్లా మణుగూరు మండలం కూనవరానికి చెందిన సకిని రామచంద్రయ్య ఆ గొంతుల్లో ఒకరు. బడి ముఖం చూడని మనిషి. సమ్మక్క సారలమ్మల చరిత్రతో పాటు పగిడిద్దరాజు, గిరికామరాజు, గాదిరాజు, నాగులమ్మల కథలను డోలు మీద కోయలోనూ తెలుగులోనూ పాడేవారు. 2022లో పద్మశ్రీ వచ్చింది, 2024లో కన్నుమూశారు. ఆయన ఎరిగిన కథలన్నీ ఎరిగినవాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టాలి. డోలి పిల్లలు కూలికి పోతున్నారంటే తప్పు వాళ్లది కాదు. వేల్పుల పండుగ ఏ కొద్ది రోజులో ఉంటుంది, ఆకలి రోజూ ఉంటుంది. వంశాలు ఇచ్చే గింజలతో ఇల్లు గడిచే కాలం పోయింది, పట్టా భూములున్న డోలి కుటుంబాలు అరుదు.

ములుగులో సమ్మక్క సారక్క పేరుతో కేంద్రీయ గిరిజన విశ్వవిద్యాలయానికి 2023 డిసెంబర్‌లో పార్లమెంటు చట్టం చేసింది. కోయ చరిత్రకు అక్కడ పీఠం పెడితే, పాఠం చెప్పే కుర్చీలో మొదట డోలీనే కూర్చోబెట్టాలి, డిగ్రీ అడగకుండా, నెల జీతంతో. గంగారం, కొత్తగూడ, తాడ్వాయి ఆశ్రమ పాఠశాలల పిల్లలను వేల్పుల పండుగ రోజున సెలవిచ్చి ఇంటికి పంపడమే కాదు, వాళ్ల గట్టు పడిగె ముందు కూర్చోబెట్టి పాట మొదటి నుంచి చివరిదాకా నేర్పించాలి. పూనుగొండ్ల నుంచి మేడారం దాకా నడిచే వడ్డెలకు దారిపొడవునా నీళ్లు, బందోబస్తు ఇవ్వడానికి అధికారులు ఎప్పుడూ సిద్ధమే. ఆ నడకలో డోలు కొట్టేవాడి కొడుకుకు నెలనెలా ఉపకారవేతనం ఇవ్వడం దానికంటే ఖర్చయ్యే పనేమీ కాదు.