పల్లవిలో పాడువాడు, చరణములో పరుగెత్తువాడు

ఇంగ్లండులో ఏ-లెవెల్ చదువు విద్యార్థులు మాధ్యమ అధ్యయనమును ఒక పాఠ్యవిషయముగా తీసికొన్నచో, తమకు నచ్చిన పాటకు తామే వీడియో తీసి, దానికి తగిన ఆల్బము అట్టను, పత్రికా ప్రకటనను రూపొందించి, పిదప ఆ కృతి వృత్తికారుల వీడియోల సంప్రదాయములను ఎంతవరకు వాడుకొనినదో, ఎచ్చట పెంపొందించినదో, ఎచ్చట ఎదిరించినదో సవివరముగా చెప్పుకొనవలసిన పద్ధతి ఒకటి, 2008లో వచ్చిన పాఠ్యప్రణాళికతో మొదలై దాదాపు పదేండ్లపాటు, అచ్చటి ఒక పరీక్షామండలి వారి అభ్యాసాంశములలో ఉండెను. ఆ పిల్లలు తీసిన వీడియోలను చూచుట నాకు చాలకాలముగా అలవాటు. ఎడిటింగ్ నేర్పు పనిలో నున్న నాకు వానివలన కలిగిన ప్రయోజనము పేరుమోసిన దర్శకుల కృతులవలన కలిగినదానికంటె తక్కువ కాదు. ఏలయన, వృత్తికారుని చేతిలో సంప్రదాయము కృతిలో లీనమై కానరాకుండును, విద్యార్థి చేతిలో అది పైకి తేలి, తన పుట్టుపూర్వోత్తరములను తానే చెప్పుకొనును.

మాధ్యమ పరిశోధకుడు ఆండ్రూ గుడ్విన్ 1992లో వెలువరించిన గ్రంథమున ఈ పాటల వీడియోల లక్షణములను విచారించియున్నాడు. ప్రతి సంగీతశాఖకును తనదైన దృశ్యపరిభాష యుండుననియు, పాటలోని మాటకును దృశ్యమునకును, స్వరమునకును దృశ్యమునకును నడుమ ఏదో యొక సంబంధము నడచుచుండుననియు, గాయకుని ముఖమును మాటిమాటికి దగ్గరగా చూపవలెనని సంగీతసంస్థ పట్టుబట్టుననియు, పూర్వచిత్రముల స్మరణ తరచు దొరలుచుండుననియు ఆయన పరిశీలనల సారము. అవి పాఠశాలలకు చేరునప్పటికి పట్టికగా మారినవి. పట్టిక చేతబట్టుకొన్న విద్యార్థి పల్లవి వచ్చినప్పుడెల్ల గాయకుని చూపును, చరణము వచ్చినప్పుడెల్ల కథను చూపును. పల్లవిలో పాడువాడు చరణములో ఎవరి వెంటనో పరుగెత్తుచుండును. రెండవ పల్లవి తరువాత రాగము మారుచోట వాన కురియును, లేదా ఉత్తరము చినుగును. ఇది తప్పనుట నా ఉద్దేశము కాదు. మూడున్నర నిమిషములలో కథయు పాటయు రెండును ఇముడవలెనన్నచో ఇంతకంటె సులభమైన మార్గము లేదు. నేను చెప్పునది వేరొకటి: ఆ సంప్రదాయము ఏ అవసరమువలన పుట్టినదో తెలిసి వాడువాడును, తెలియక వాడువాడును ఒక్కటి కారని.

1966లో బీటిల్స్ బృందము ‘పేపర్‌బ్యాక్ రైటర్’ పాటకు చిత్రము తీయించి టెలివిజను సంస్థలకు పంపినదన్నచో, ప్రతి దేశపు స్టూడియోకు తాము స్వయముగా పోజాలకపోవుటయే అందులకు కారణము. 1975లో క్వీన్ బృందము ‘బొహీమియన్ రాప్సొడీ’కి వీడియో తీసినదన్నచో, గొంతుమీద గొంతు పొరలుపొరలుగా పేర్చి ముద్రించిన ఆ పాటను టెలివిజను వేదికపై నిలిచి యథాతథముగా పాడుట దుస్సాధ్యమగుట ఒక ముఖ్యకారణము. 1981 ఆగస్టు 1వ తేదీన అమెరికాలో ఎమ్‌టీవీ ప్రసారములు మొదలైన పిదప, పాటతోపాటు ముఖమును అమ్మవలసిన అగత్యము సంగీతసంస్థలకు మునుపెన్నడు లేనంతగా ఏర్పడినది. క్లోజప్ అందుచేత నియమమైనది. ఈ కారణమెరిగిన దర్శకుడు జాన్ మేబరీ 1990లో షినేడ్ ఓకానర్ పాడిన పాటకు వీడియో తీయుచు, ఆ క్లోజప్‌నే తుదివరకు లాగి, నల్లని నేపథ్యముపై ఆమె ముఖమును దాదాపు పాటంతయు నిలిపి, ఆ కన్నుల నుండి జారిన నీటిని ప్రపంచమంతటికి చూపినాడు. అమ్మకమునకై పుట్టిన షాటు అచ్చట దుఃఖమునకు ఆలంబనమైనది.

ఇక పెదవి కలుపుట, మనము లిప్ సింక్ అనునది, విద్యార్థులు తేలికగా ఎంచి తొట్రుపడు చోటు. పాటను ఫోనులో నుండి మ్రోగించి, తోటివానిని కెమెరా ముందు నిలిపి, పెదవులు కదుపుమందురు. పెదవులు మాత్రమే కదిపినవానిని కెమెరా పట్టి యిచ్చును: గొంతు నరము ఉబ్బదు, ఊపిరి తీయుట కానరాదు, కన్నులు మాటకంటె వెనుకబడును. నిజముగా గొంతెత్తి పాడవలెను. ఆ గొంతు శ్రావ్యముగా ఉండనక్కర లేదు, ఎడిటింగులో దానిని తొలగించి అసలు పాటను చేర్చుదుము. సెకనుకు 25 ఫ్రేములు నడచుచోట నాలుగైదు ఫ్రేములు అటునిటు జరిగినను, చూచువానికి కారణము తెలియకయే ఆ గాయకునిపై నమ్మకము సడలును.

ఈ విషయమున మన ప్రేక్షకునికి ఒక విశేషజ్ఞానము కలదు. ఘంటసాల గొంతును ఒకనాడు రామారావు పెదవులపైనను, మరునాడు నాగేశ్వరరావు పెదవులపైనను విని, రెండింటిని నమ్మి, రెండింటికిని కన్నీరు విడిచిన వారము మనము. గొంతు ఒకరిది, ముఖము మరియొకరిది అను సంగతి మనకు లోపముగా తోచలేదు. ఆ రెండింటి నడుమ కుదిరిన పొందికయే మనము మెచ్చిన అభినయము. పాశ్చాత్య పాప్ వీడియో అట్లుగాక, పాడువాడును కనబడువాడును ఒక్కడే యను విశ్వాసముపై నిలిచినది. అయినను అచ్చటి పాఠశాలలో వీడియో తీయు విద్యార్థి తరచు ఎవరో పాడిన పాటకు తన స్నేహితుని పెదవులు కలుపుచున్నాడు గనుక, తెలిసియో తెలియకయో, మన సినిమా సెట్టులోని నటుని స్థితికే వచ్చిచేరినాడు. నేను చూచినవానిలో బాగున్నవన్నియు ఆ పనిని నటనగా గ్రహించిన పిల్లలు తీసినవే. గిటారు పట్టుకొని తామే గాయకులమని భ్రమింపజేయ యత్నించినవి తేలిపోయినవి.

మరియొక సంగతి. విద్యార్థులకు పాప్ శాఖ కష్టతరము. నిండు రంగులు, కూడి చేయు నృత్యము, మారుచుండు దుస్తులు, కెమెరాలోనికి సూటిగా చూచు చూపు, ఇవి పాప్ వీడియో లక్షణములు. సమృద్ధియే దాని సౌందర్యము. చేతిలో ధనము లేని విద్యార్థికి సమృద్ధిని చూపుట దుర్లభము గనుకనే, వారిలో చాలమంది ఊరిచివరి అడవిని, రైలు వంతెనను, వెలిసిన రంగులను ఆశ్రయించి ఇండీ శాఖ వైపు మరలుదురని నా ఊహ. నా విద్యార్థులకు నేను తరచు చూపు వీడియో కోల్డ్‌ప్లే బృందము వారి ‘యెల్లో’. 2000లో డార్సెట్ తీరమున స్టడ్లండ్ అఖాతము ఒడ్డున తీసినది. మిగిలిన సభ్యులు ఆనాడు రాలేకపోయిరి, వాతావరణము అనుకూలింపలేదు. గాయకుడు క్రిస్ మార్టిన్ ఒక్కడే ఒడ్డువెంట నడచుచు పాడును, షాటు ఒక్కటే. పాటను రెట్టింపు వేగమున మ్రోగించి, అతడు ఆ వేగమునకే పాడగా, సెకనుకు 50 ఫ్రేముల చొప్పున పట్టి, తరువాత సగము వేగమున నడిపించిరి. పెదవులు పాటతో సరిపోవును, నడక మాత్రము కలలోవలె మందగించును. ఈ ఉపాయమునకు కావలసిన పరికరము నేడు ప్రతి విద్యార్థి జేబులోను కలదు.

సంప్రదాయము విధియగుట మన సాహిత్యమునకును క్రొత్త కాదు: మన ప్రబంధకవులకు అష్టాదశ వర్ణనలు విధింపబడియుండినవి. నగరము, సముద్రము, ఋతువు, చంద్రోదయము ఇత్యాదులు లేనిదే ప్రబంధము ప్రబంధమనిపించుకొనదు. ఆ నియమమువలన ఎంతటి జడకవిత్వము పుట్టినదో సాహిత్యచరిత్ర చదివినవారెరుగుదురు. కాని అదే చంద్రోదయమును పెద్దన వరూధిని విరహము నడుమ నిలుపగా, విధిగా వచ్చిన వర్ణనము కథలో బాధయై కూర్చున్నది. సంప్రదాయమును పాటింపవలెనా, ధిక్కరింపవలెనా అని విద్యార్థిని అడుగు ప్రశ్న నాకు అందుచేతనే అసంపూర్ణముగా తోచును. పాటించినది ఎచ్చట పనిచేసినదో అడుగుట మేలు.

మన కళాశాలల పిల్లలు నేడు కవర్ సాంగ్ పేర యూట్యూబులో పెట్టుచున్న వీడియోలను చూచునప్పుడు ఈ ప్రశ్నయే నన్ను వెంటాడును. వారు ఎరువు తెచ్చుకొన్నది సినిమా యుగళగీతపు సంప్రదాయము: విశాఖ సముద్రతీరము, అరకు కొండలు, పైనుండి డ్రోను, మందగమనమున ఎగురు చున్నీ, చరణమునకొక జత దుస్తులు. ఆ దుస్తుల మార్పు తారల వైభవమును చూపుటకు పుట్టినది. ఇరువురు సహాధ్యాయుల నడుమ స్నేహమును చెప్పు పాటకు దానితో ఏమి పని? అయినను ఆ పిల్లల శ్రమ నాకు గౌరవనీయము. తెల్లవారుజామున లేచి, అడిగి తెచ్చుకొన్న కెమెరాతో, బస్సులో కొండయెక్కి వారు తెచ్చిన వెలుగును నేను చులకన చేయజాలను.

కనుక పాఠకులకు నా విన్నపమొక్కటి. మీ యింటి పిల్లలు తాము తీసిన పాటను తెచ్చి చూపినప్పుడు, బాగున్నదని మాత్రమే అని ఫోను తిరిగి ఇచ్చివేయకుడు. రెండవ చరణమున అందులోని అమ్మాయి చీర ఏల మారినదని అడుగుడు, వారు చెప్పు సమాధానమును తుదివరకు వినుడు.