సామాన్యుల ప్రార్థనలో త్రిత్వం

దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్‌బీ నగర్ దాకా ఆదివారం ఉదయం నడిస్తే క్రైస్తవ సంఘాలు ఎన్ని రకాలో తెలిసిపోతుంది. బెంచీలూ గంటా ఉన్న పాత పద్ధతి చర్చిలు ఒకవైపు, అపార్టుమెంటు సెల్లారులో చాపలు పరిచిన ప్రార్థనా మందిరాలు మరోవైపు. దుకాణాల పై అంతస్తులో రేకుల కింద కీబోర్డు, డ్రమ్ములతో సాగే ఆరాధనలూ ఉంటాయి. నల్లగొండ, ఖమ్మం, విజయవాడ దారులన్నీ నగరంలోకి వచ్చేది ఇటువైపే. ఆ జిల్లాల నుంచి వచ్చి ఇళ్లు కట్టుకున్నవాళ్లు తమ సంఘాలనూ వెంట తెచ్చుకున్నారు. బాప్టిస్టులు, సీఎస్‌ఐ వాళ్లు, కథోలికులు, పెంతెకొస్తు వాళ్లు, బైబిల్ మిషన్ వాళ్లు, హెబ్రోను సహవాసం వాళ్లు అందరూ ఇక్కడ ఉన్నారు. బాప్తిస్మం ఇచ్చే తీరులో, ప్రభువు బల్ల విషయంలో, పాటల్లో ఒకరితో ఒకరికి కుదరదు. దేవుడు ఒక్కడే అనీ, ఆ ఒక్క దేవుడే తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మ అనీ చెప్పే త్రిత్వ సిద్ధాంతం దగ్గర మాత్రం దాదాపు అందరూ ఒకటే.

ఈ సిద్ధాంతం పండితులకే గాని మామూలు విశ్వాసికి అంతుపట్టదని చదువుకున్నవాళ్లు అంటుంటారు. నేను ఒప్పుకోను. వివరించమంటే తడబడతారు, నిజమే. ప్రార్థన చెయ్యమని అడగండి, వాళ్లకు ఏం తెలుసో అప్పుడు తెలుస్తుంది.

ముందు ఆ తడబాటు సంగతి. మలక్‌పేట, సైదాబాద్‌లలోని ముస్లిం స్నేహితులు ‘మీకు ముగ్గురు దేవుళ్లా?’ అని అడుగుతారు. హిందూ స్నేహితులు బ్రహ్మ విష్ణు మహేశ్వరుల లాగానా అంటారు. అప్పుడు మనవాళ్లు సండే స్కూల్లో నేర్చుకున్న ఉపమానాలు తీస్తారు. నీరు, మంచు, ఆవిరి. సూర్యుడు, వెలుగు, వేడి. లేదా ఒకే మనిషి అమ్మకు కొడుకు, పిల్లలకు తండ్రి, ఆఫీసులో ఉద్యోగి. వినగానే బాగుంటాయి గాని నిలబడవు. ఒక చెంబెడు నీళ్లు ఒకే సమయంలో మంచూ ఆవిరీ కాలేవు. యేసు బాప్తిస్మం పొందినప్పుడు కుమారుడు యొర్దానులో ఉన్నాడు, ఆత్మ పావురంలా దిగివచ్చాడు, తండ్రి స్వరం ఆకాశం నుంచి వినబడింది, అన్నీ ఒకే గడియలో. ఒకే మనిషికి మూడు పాత్రలన్న పోలిక మూడో శతాబ్దంలో సబెల్లియస్ పేరుతో చెలామణీ అయిన బోధే. సంఘం దాన్ని ఎప్పుడో తోసిపుచ్చింది. సూర్యుడి పోలిక కొంత నయం, మూడో శతాబ్దం ఆరంభంలో తెర్తుల్లియన్ కూడా వాడాడు. అయినా కిరణం సూర్యుణ్ణి ‘తండ్రీ’ అని పిలవదు కదా!

ఇప్పుడు ప్రార్థన దగ్గరికి వద్దాం. ఈ పేటల్లో మధ్యాహ్నాలు ఎవరో ఒకరి ఇంట్లో స్త్రీల కూడిక జరుగుతుంది. పాట అయిపోయాక ఒక పెద్దమ్మ తలమీద కొంగు కప్పుకొని మోకరిస్తుంది. ఆమె బైబిల్ కాలేజీ గుమ్మం తొక్కలేదు, చేతిలో కాగితం లేదు. ‘పరిశుద్ధుడవైన మా తండ్రీ’ అని మొదలుపెడుతుంది. ఇంతవరకు కాచి కాపాడినందుకు స్తోత్రాలు చెల్లిస్తుంది. ‘మేము యోగ్యులం కాము తండ్రీ, నీ కుమారుడు చిందించిన రక్తాన్ని బట్టే నీ సన్నిధికి వస్తున్నాము’ అంటుంది. తర్వాత ఇంటి సంగతులు వరుసగా వస్తాయి: మనవరాలి ఎంట్రన్స్ పరీక్ష, అల్లుడి తాగుడు, పెరిగిన అద్దె, నిమ్స్ ఆసుపత్రిలో ఉన్న చెల్లెలు. మధ్యలో గొంతు పూడుకుపోతుంది. ‘ఎలా అడగాలో మాకు తెలియడం లేదు ప్రభువా, నీ ఆత్మ సహాయం దయచెయ్యి’ అని కాసేపు ఆగుతుంది. చివరికి, ‘యేసు నామంలో అడిగి వేడుకుంటున్నాము తండ్రీ, ఆమేన్.’ గదంతా ‘ఆమేన్’ అంటుంది.

ఈ అల్లికలోని పనితనం చూడండి. అడిగేది తండ్రిని. ఆ గుమ్మం దాకా వెళ్లే అర్హత తనది కాదు, కుమారుడిది. నోట మాట రాని చోట లోపలి నుంచి మాట పుట్టించేది ఆత్మ. రోమా పత్రిక 8వ అధ్యాయంలో పౌలు వివరించింది కూడా ఇదే. ముగ్గురినీ ఆమె కలిపేయలేదు, ముగ్గురు దేవుళ్లను చేసి తలా ఒక పని అప్పగించనూ లేదు. ఒకే మొర ముగ్గురి గుండా సాగింది. ముగింపు వాక్యం నాకు మరీ ఇష్టం: కుమారుడి పేరుతో మొదలై, తండ్రిని పిలిచి ముగుస్తుంది. అల్లుడి తాగుడూ అద్దె బాధా ఆ ముగ్గురి మధ్యే ఇమిడిపోయాయి. ఇలాంటి ప్రార్థనకు కర్త ఎవరూ లేరు. తల్లుల దగ్గర విని కూతుళ్లు నేర్చుకున్నారు, అంతే.

సిద్ధాంతం పుట్టిన దారి కూడా ఇదే. 325లో నైసియా సభ రాసిన విశ్వాస ప్రమాణంలో కుమారుడి గురించి ఎంతో జాగ్రత్తగా పేర్చిన మాటలున్నాయి, పరిశుద్ధాత్మ గురించి మాత్రం నమ్ముతున్నామన్న ఒక్క ముక్కే ఉంది. ఆ తర్వాత కైసరయ బిషప్ బాసిలు ఆరాధనలో తండ్రికి, కుమారుడితోనూ ఆత్మతోనూ కలిపి మహిమ చెల్లిస్తే కొందరు తప్పుపట్టారు. 375 ప్రాంతంలో ఆయన ఒక పుస్తకమే రాసి జవాబిచ్చాడు. బాప్తిస్మంలో ముగ్గురి పేర్లూ కలిపే పలికాం గనుక అలాగే నమ్మాలి, నమ్మినట్టే స్తుతించాలి అన్నది ఆయన వాదం. ఆయన చనిపోయిన రెండేళ్లకు, 381లో, కాన్‌స్టాంటినోపుల్ సభ ఆత్మను తండ్రితో, కుమారుడితో పాటు ఆరాధించాలని ప్రమాణంలో చేర్చింది. సభలు తీర్మానించక ముందే సంఘం బాప్తిస్మంలో ముగ్గురి పేర్లూ పలుకుతూ వచ్చిందన్నమాట. బాసిలు తమ్ముడు గ్రెగొరీ ఆ రోజుల్లో ఆ నగరపు బజారులో రొట్టె ధర అడిగినా, చిల్లర అడిగినా తండ్రి గొప్పవాడా, కుమారుడు తక్కువవాడా అన్న వాదనే వినిపిస్తోందని వాపోయాడు. నాకు మాత్రం అది ముచ్చటగానే ఉంది. రొట్టెలమ్మేవాళ్లు కూడా తమ దేవుడి గురించి అంత పట్టింపుతో మాట్లాడుకున్నారు!

సామాన్యులు బాప్తిస్మంలోనే త్రిత్వాన్ని నేర్చుకున్నారనడానికి మన నేల మీద సాక్ష్యం ఒంగోలు దగ్గర వెల్లంపల్లి. 1878 జులై 3న గుండ్లకమ్మలో ఒక్క రోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ ఆధ్వర్యంలో ఆరుగురు బోధకులు, ఇద్దరిద్దరు చొప్పున వంతులు వేసుకొని నీళ్లలో నిలబడ్డారు. కరువు నుంచి అప్పుడే బయటపడుతున్న మాదిగ కుటుంబాలే అందులో అత్యధికం. చాలామందికి అక్షరం ముక్క రాదు. ఒక్కొక్కరి తలమీదా అవే మూడు పేర్లు పలికారు, ‘నామం’ అన్న మాట మాత్రం ఏకవచనంలోనే ఉంది. చదవడం రానివాళ్లకు త్రిత్వం మీద మొదటి పాఠం ఆ మునకే. నల్లగొండలో 1890లో అబ్రహాం ఫ్రీసెన్ మొదలుపెట్టిన బాప్టిస్టు మిషన్‌లోనూ అదే పద్ధతి. ఈ రోజు ఎల్‌బీ నగర్‌లో మందిరం లోపలి తొట్టిలో దిగే కుర్రాడూ ఆ మాటల కిందే మునుగుతాడు. కథోలికులైతే నుదుటి నుంచి ఛాతీకి, భుజాలకు చెయ్యి కదిపిన ప్రతిసారీ వాటినే తలుచుకుంటారు. యేసు పేరుతో మాత్రమే బాప్తిస్మం ఇవ్వాలనే సంఘాలూ నగరంలో లేకపోలేదు. వాళ్లు త్రిత్వాన్ని ఒప్పుకోరు.

లోపం లేదా అంటే ఉంది. ప్రార్థన జోరులో ‘తండ్రీ, మాకోసం సిలువమీద ప్రాణం పెట్టావు’ అనేవాళ్లు చాలామంది. వేదిక మీది బోధకులూ అనేస్తుంటారు. సిలువ వేయబడింది కుమారుడు, తండ్రి కాదు. ప్రేమతో దొర్లిన మాటే అయినా, కుమారుణ్ణి పంపిన తండ్రి, తనను తాను అప్పగించుకున్న కుమారుడు ఆ ఒక్క వాక్యంలో ఒకరైపోతారు. గెత్సేమనే తోటలో తండ్రికి మొరపెట్టుకున్నది ఎవరు మరి? ఇక్కడ నేర్పేవాళ్ల అవసరం ఉంది.

అందుకే పాస్టరుగార్లకు, సండే స్కూలు టీచర్లకు ఒక విన్నపం. 2025తో నైసియా సభకు 1700 ఏళ్లు నిండాయి. బాప్తిస్మపు పాఠాల్లో నీరు, మంచు, ఆవిరిని ఇక పక్కన పెట్టండి. మీ సంఘంలోని ఒక పెద్దమ్మ చేత ప్రార్థన చేయించి, ఆమె ఎవరిని పిలిచింది, ఎవరి పేరున అడిగింది, ఎవరి సహాయం కోరింది అని పిల్లల్ని అడగండి.