కౌబాయ్ మీద కత్తెర

2023 మే 31న ‘మోసగాళ్లకు మోసగాడు’ 4కె ప్రింటు థియేటర్లకు వచ్చింది. సూపర్‌స్టార్ కృష్ణ కన్నుమూశాక వచ్చిన తొలి పుట్టినరోజు అది. బొమ్మ వయసు అప్పటికి యాభై దాటింది. హైదరాబాద్‌లో కవాడిగూడ, చిక్కడపల్లి, అశోక్‌నగర్, నారాయణగూడ జనానికి సినిమా అంటే ఆర్టీసీ క్రాస్‌రోడ్సే. అక్కడ హాళ్లను ఉత్త పేర్లతో పిలవరు. సుదర్శన్ 35 ఎంఎం, దేవి 70 ఎంఎం, సంధ్య 70 ఎంఎం అంటూ ఫిల్మ్ వెడల్పు కూడా కలిపి చెబుతారు. వెడల్పును ఇంటిపేరులా మోసే హాళ్ల మధ్య పెరిగిన ప్రేక్షకుడు తెర అంచులు తెగిన బొమ్మను చూసి ఊరుకోకూడదు. కానీ ఇంట్లో టీవీ ముందు కూర్చోగానే ఊరుకుంటున్నాడు. ఈ వ్యాసానికి కారణం ఆ ఊరుకోవడమే.

ఈ జాతి కౌబాయ్ సినిమాకు తల్లివేరు ఇటలీలో ఉంది. సెర్జియో లియోనె 1966లో తీసిన ‘ది గుడ్, ది బ్యాడ్ అండ్ ది అగ్లీ’ని మన వాళ్లు చాలామంది సంగీతంతో గుర్తుపెట్టుకున్నారు. నక్క ఊళలా మొదలయ్యే ఆ ఈల విననివాడు అరుదు. ఆ ఈల వెనక ఉన్న నీతి చిక్కుముడి మాత్రం అంత తేలిగ్గా విడదు. అమెరికా అంతర్యుద్ధం నడుస్తోంది. రెండు లక్షల డాలర్ల బంగారం ఒక శ్మశానంలో పూడ్చి ఉంది. దాని వెనక ముగ్గురు పడ్డారు. ‘మంచివాడు’ అని ముద్ర వేయించుకున్న బ్లాండీ చేసే వ్యాపారం చూడండి: తల మీద బహుమతి ఉన్న టూకోను పట్టిచ్చి సొమ్ము తీసుకుంటాడు, సరిగ్గా ఉరి తీసే క్షణాన దూరం నుంచి తుపాకీతో తాడు తెంపుతాడు, ఇంకో ఊళ్లో మళ్లీ అదే సరుకు అమ్ముతాడు. చివరి ముక్కోణపు పోరులోనూ అతను ధర్మయుద్ధమేమీ చేయడు. ముందు రాత్రే టూకో తుపాకీలోంచి తూటాలు తీసేసి ఉంటాడు. నిజానికి తెలుగు సినిమా పేరు మన కృష్ణ కన్నా ఈ బ్లాండీకే బాగా నప్పుతుంది!

మంచికీ చెడుకీ మధ్య గోడ ఎంత పలచనో చూపించే సన్నివేశం ఒకటుంది, మఠంలో. సన్యాసి అయిన అన్న పాబ్లోను టూకో ఏళ్ల తర్వాత కలుస్తాడు. తల్లీ తండ్రీ పోయారని అప్పుడే తెలుస్తుంది. అన్న నీతులు చెబుతాడు. ఆకలి తప్పించుకోవడానికి తమ ఊళ్లో ఉన్న దారులు రెండే, నువ్వు సులువైనది ఎంచుకున్నావు, కష్టమైనది నాకు మిగిలింది అన్నట్టు తమ్ముడు తిరగబడతాడు. చెంపదెబ్బ, తోపులాట. బయట బండెక్కాక టూకో బ్లాండీతో అన్నీ అబద్ధాలే చెబుతాడు: మా అన్న ఎంత గొప్పవాడో, నేనంటే ఎంత ప్రాణమో, ఎప్పుడొచ్చినా కడుపు నింపి పంపుతాడని. చాటునుంచి అంతా విన్న బ్లాండీ ఆ అబద్ధాన్ని చెడగొట్టడు. భోజనం తర్వాత చుట్ట బాగుంటుందని తన నోట్లోది తీసి ఇస్తాడు. టూకో దాన్ని నములుతూ మెల్లగా నవ్వుకుంటాడు. ఈలై వాలక్ మొహం మీద ఆ నవ్వు విచ్చుకునే తీరు చూసి తీరాలి.

పనితనం గురించి ఎంత చెప్పినా తక్కువే. టెక్నిస్కోప్ అనే పద్ధతిలో ఒక్కో ఫ్రేముకు నాలుగు రంధ్రాల ఫిల్ముకు బదులు రెండు రంధ్రాల ఫిల్మే వాడతారు. ముడి ఫిల్మ్ ఖర్చు సగానికి తగ్గుతుంది, తెర మాత్రం వెడల్పుగానే ఉంటుంది. పొదుపు కోసం పుట్టిన ఆ వెడల్పును లియోనె, ఛాయాగ్రాహకుడు తొనీనో దెల్లీ కొల్లీ రెండు రకాలుగా పిండారు. ఒక షాట్‌లో చీమంత మనిషి, చుట్టూ మైదానం. మరు షాట్‌లో రెండు కళ్లే తెరంతా. శ్మశానంలో చివరి పోరు చూడండి. నిమిషాలకు నిమిషాలు మాట ఉండదు. దూరపు షాట్లతో మొదలై నడుము, మొహం, కళ్లు, తుపాకీ దగ్గరకు జరిగే వేలు అంటూ కోతలు పొట్టివవుతూ, సంగీత దర్శకుడు మొరికోనె బాకాలతో కలిసి బిగుసుకుంటాయి. అంతకుముందు టూకో సమాధుల మధ్య పరుగెత్తేటప్పుడు గాయని ఎద్దా దెల్లోర్సో గొంతు మాట లేకుండా ఆకాశానికి ఎగబాకుతుంది. స్పెయిన్ సైనికాధికారి ఒకరు కెమెరాలు తిరగకముందే వంతెన పేల్చేస్తే, మళ్లీ కట్టించి మళ్లీ పేల్చారన్నది సినీ పిచ్చోళ్లంతా చెప్పుకునే కథ.

ఇంతకీ ఆ సినిమా ఏది? ఇక్కడే గొడవ. ఇటలీలో మూడు గంటలకు కాస్త తక్కువగా ఆడిన సినిమాను అమెరికా వాళ్లు 161 నిమిషాలకు కత్తిరించి 1967 చివర్లో విడుదల చేశారు. ప్రపంచమంతా ప్రేమించింది చాలావరకు ఆ పొట్టి కూర్పునే. కోత పడినవాటిలో ఒక సన్నివేశం ఉంది. ఆ ముగ్గురిలో మూడోవాడు, కరుడుగట్టిన ఏంజెల్ ఐస్ శిథిలమైన ఒక కోటకు వస్తాడు. నిండా క్షతగాత్రులైన సైనికులు. వాళ్లను చూసి ఆ కిరాయి హంతకుడి మొహంలో కూడా ఏదో కదులుతుంది, చేతిలోని సారా సీసా ఒక సైనికుడికి ఇస్తాడు. ఇది తీసేస్తే లీ వాన్ క్లీఫ్ ఉత్త విలన్. ఉంచితే, యుద్ధం ముందు తాను చిన్న నేరగాడినని తెలిసిన మనిషి. ఒకే నటుడు, ఒకే పాత్ర, కత్తెర మార్చిన నీతి!

1998 నాటి ఎంజీఎం డీవీడీలో ఈ కోతలు పద్నాలుగు నిమిషాల అనుబంధంగా విడిగా కనిపించాయి. 2003లో వాటిని సినిమాలో కలిపి 179 నిమిషాల కూర్పు చేశారు. ఇంగ్లిష్ డబ్బింగ్ లేని ఆ ముక్కల కోసం బ్లాండీ వేషం వేసిన, డెబ్బై దాటిన ఈస్ట్‌వుడ్, ఎనభై దాటిన వాలక్ మళ్లీ మైకు ముందుకు వచ్చారు. వాన్ క్లీఫ్ 1989లోనే పోవడంతో వేరే గొంతు పెట్టారు. తెర మీద ముప్పై ఆరేళ్ల బ్లాండీ ఉన్నట్టుండి తాతగారి గొంతుతో మాట్లాడతాడు. పెద్దల పట్టుదలకు దండం పెట్టాల్సిందే గానీ చెవికి అది గుచ్చుకుంటుంది. పైగా టూకో గుహలో తన ముఠాను పోగుచేసే సన్నివేశాన్ని కూడా చేర్చారు. అది లియోనె స్వయంగా రోమ్ తొలి ప్రదర్శన తర్వాత తీసేసింది. దర్శకుడు పారేసినదాన్ని ఏరి తెచ్చి అతికించడం భక్తి కాదు, చాదస్తం.

ధ్వని విషయంలో ఇంకో పాపం. పాత మోనో ట్రాక్‌ను 5.1కి మార్చినప్పుడు తుపాకీ మోతలే మార్చేశారు. ఇటాలియన్ తుపాకీకి ఒక రకం చీల్చే చప్పుడు ఉంటుంది, దాని స్థానంలో కొత్త బుల్లెట్టు శబ్దాలు దూరాయి. 2014లో వచ్చిన బ్లూరేలో బొమ్మ మొత్తానికి పసుపు పూసినట్టయింది. ఆకాశం, చొక్కా, దుమ్ము అన్నీ ఒకే రంగు. అభిమానులు ఏళ్ల తరబడి రచ్చ చేశారు. 2017లో డిస్కుల సంస్థ కీనో లార్బర్ రంగులు సరిదిద్ది రెండు కూర్పులూ ఒకే సెట్‌లో ఇచ్చింది. 2021లో థియేటర్ కూర్పు 4కె డిస్కుగా వచ్చింది. కొనేవాడు ఏది చూడాలని అడిగితే: మొదటిసారి 161 నిమిషాలది, మోనో ట్రాక్‌తో. తర్వాత పొడుగుది, ఆ కోట సన్నివేశం కోసం.

నీతి తికమక అంటే వ్యాపారులకు ఎప్పుడూ భయమే. లియోనె తొలి కౌబాయ్ చిత్రం ‘ఎ ఫిస్ట్‌ఫుల్ ఆఫ్ డాలర్స్’లో హీరో డబ్బు కోసం రెండు ముఠాలనూ వాడుకుంటాడు. 1970ల్లో అమెరికా టీవీ కోసం దానికి ఒక ముందుమాట తీసి అతికించారు: ఊరిని బాగుచేయమని ప్రభుత్వమే ఖైదీని పంపినట్టు! ఈస్ట్‌వుడ్ లేడు కాబట్టి టోపీ కిందికి దించిన డూపుతో పని కానిచ్చారు. కోర్బూచి తీసిన ‘ది గ్రేట్ సైలెన్స్’ (1968)లో మూగ హీరోతో పాటు మంచివాళ్లంతా చచ్చి దుర్మార్గుడు గుర్రమెక్కి వెళ్లిపోతాడు. వేరే మార్కెట్ల కోసం అందరూ బతికే శుభం కార్డు కూడా తీసి పెట్టుకున్నారు. ఇప్పుడు మంచి డిస్కుల్లో ఆ ముందుమాటా, ఈ శుభం కార్డూ అనుబంధాలుగా దొరుకుతాయి. అలా ఉండాలి. తప్పుడు కూర్పును కూడా దాచాలి, కానీ అసలు స్థానంలో కాదు.

ఇక మన ఇంటికి వద్దాం. 1971 ఆగస్టులో పద్మాలయా సంస్థ తెలుగు తెర మీదకు గుర్రాన్నీ, టోపీనీ, తోలు బూట్లనూ తెచ్చింది. ‘షోలే’కు నాలుగేళ్ల ముందు, ఈ మాట కృష్ణ అభిమాని దగ్గర ఎత్తకపోయినా అతనే చెబుతాడు. ఏడు లక్షల్లో తీశారని, ఇంగ్లిష్‌లో ‘ట్రెజర్’గా డబ్ అయి దేశదేశాలు తిరిగిందని అంటారు. ఆ దేశాల లెక్క మాత్రం అభిమానిని బట్టి పెరుగుతూ ఉంటుంది.

కథ రాసింది ఆరుద్ర. ‘సమగ్ర ఆంధ్ర సాహిత్యం’ రాసిన చేయి, ‘త్వమేవాహం’ రాసిన చేయి కౌబాయ్‌కి కథ రాసింది! లియోనె సినిమాలూ, ‘మెకన్నాస్ గోల్డ్’ ఆయన ముందు ఉన్నాయి. కానీ ఆయన అమెరికా శ్మశానాన్ని ఎత్తుకొచ్చి ఇక్కడ పాతలేదు. అమరవీడు సంస్థానం, దాని మీద కన్నేసిన తెల్లదొరలు, వాళ్ల చేతికి చిక్కకుండా దాచిన నిధి అంటూ మన చరిత్రలో నమ్మదగిన చోటు వెతికాడు. దాంతో ఒక పెద్ద మార్పు జరిగింది. లియోనె బంగారం ఎవరిదీ కాదు, అందుకే ఎవరు తీసుకున్నా దొంగే. అమరవీడు నిధికి హక్కుదారులున్నారు. కాబట్టి మన హీరో జిత్తులమారి కావచ్చు, దొంగ కాలేడు. ఇటాలియన్ మసకను ఆరుద్ర కొంత కడిగేశాడన్నది నిజం. 1971 నాటి తెలుగు ప్రేక్షకుడికి అంతకన్నా చేదు మింగుడు పడేది కాదన్నదీ నిజం. మిగిలిన మసకనంతా నక్కజిత్తుల నాగన్న మోశాడు. ‘రక్తకన్నీరు’ నాటకంతో ఊరూరా జనాన్ని ఊపిన నాగభూషణం ఆ పాత్రలో టూకోకు తమ్ముడే. కానీ ఆ సాగదీత, ఆ వెటకారం ఆయన సొంతం. ఏ ఇటలీ వాడూ అరువివ్వగలిగింది కాదు.

దర్శకుడు కె.ఎస్.ఆర్. దాస్ ఎడిటింగ్ గదిలోంచి వచ్చినవాడు. ‘రౌడీ రాణి’లో విజయలలితతో ఫైట్లు చేయించిన దాస్‌కు షాటు ఎక్కడ తెగాలో చేతికే తెలుసు. కెమెరా వి.ఎస్.ఆర్. స్వామి. రాజస్థాన్ ఎడారి, బికనేర్ కోట, సిమ్లా కొండలు కలిపి లేని దేశాన్ని ఒకదాన్ని సృష్టించాడు. గమనించాల్సిన సంగతి: స్వామి చేతిలో లియోనె వెడల్పు తెర లేదు. తెలుగులో తొలి సినిమాస్కోప్ ‘అల్లూరి సీతారామరాజు’ ఇంకా మూడేళ్ల దూరంలో ఉంది. దాన్ని తీసిందీ ఈ పద్మాలయా, ఈ స్వామే. అంటే, వెడల్పు తెర కోసం పుట్టిన వ్యాకరణాన్ని ఇరుకు చట్రంలో పలికించారు. కళ్ల క్లోజప్‌కు ఇరుకు తెర పనికొస్తుంది, ఎడారికి పనికిరాదు. అందుకే ఇసుకలో మనిషిని చూపించాల్సి వచ్చినప్పుడు ఫ్రేము పైభాగంలోని ఆకాశానికి పని పడుతుంది. ఇక ‘సువర్ణసుందరి’ సంగీతకర్త ఆదినారాయణరావు గుర్రపు డెక్కలకు బాణీ కట్టడం మరో వింత.

తర్వాత టోపీ మిగిలింది, తల పోయింది. ‘కొదమ సింహం’ (1990)లో చిరంజీవి గుర్రం మీద అందంగానే ఉంటాడు, డ్యాన్సుల సంగతి చెప్పనక్కర్లేదు. మెగా అభిమానులు కోప్పడినా సరే, ఆ సినిమాలో కౌబాయ్ ఒక వేషం మాత్రమే. ‘టక్కరి దొంగ’ (2002) కోసం మహేశ్‌బాబును అమెరికా ఎడారుల దాకా తీసుకెళ్లారు, కృష్ణను కాసేపు కనిపింపజేశారు. దృశ్యం బాగుంది, ఒంట్లో దుమ్ము లేదు. ఆ తర్వాత ఏ పాటలో పడితే ఆ పాటలో తోలు చొక్కా, ఈల, గిటారు. మొరికోనె చెవిన పడితే ఏమనేవాడో!

నకళ్ల సంగతి పోనీ. అసలు బొమ్మను ఏం చేశాం? వీసీడీ కాలంలో 352 చుక్కల వెడల్పు చట్రంలోకి ఇరికించాం. ఎడారి మొత్తం చతురస్రపు గడులుగా కనిపించేది. టీవీలో మూలన లోగో, కింద నడిచే అక్షరాలు, మధ్యలో ఎగిరిపోయే పాట. నేటి టీవీ తెర వెడల్పుగా ఉంది కదా అని పాత బొమ్మను సాగదీసి గుర్రాలను పందుల్లా చేసేవాళ్లు కొందరు. పైనా కిందా కోసి నింపేవాళ్లు ఇంకొందరు. ఈ రెండో జబ్బుకు గౌరవం తెచ్చింది 2010 నాటి రంగుల ‘మాయాబజార్’. రంగులు వేసిన శ్రమను ఎవరూ కాదనరు. కానీ మార్కస్ బార్ట్‌లే పేర్చిన చదరపు ఫ్రేమును సినిమాస్కోప్‌కు మార్చి, కొన్ని పాటలూ సన్నివేశాలూ తగ్గించారు. ఎస్వీఆర్ కిరీటానికీ పాదాలకీ మధ్య ఎంత ఖాళీ ఉండాలో బార్ట్‌లేకు తెలియదా? ఇటలీ సినిమాకు పసుపు ఎక్కువైతే ప్రపంచం గోల పెట్టింది. ఇక్కడ నెత్తీ కాళ్లూ తెగితే చప్పట్లు కొట్టాం.

చేయలేక కాదు. 2019 డిసెంబరులో ఫిల్మ్ హెరిటేజ్ ఫౌండేషన్ ఇదే హైదరాబాద్‌లో ఫిల్మ్ పరిరక్షణ శిక్షణ శిబిరం నడిపింది. 2024లో అక్కినేని శతజయంతికి ఆయన సినిమాలు పదింటిని బాగుచేసి దేశమంతా నగరాల్లో ఆడించారు. ఎన్టీఆర్, అక్కినేనిలకు దక్కే మర్యాద సాహసానికి మారుపేరైన కృష్ణకు ఎందుకు దక్కదు? పుట్టినరోజు షోల్లో కాగితాలు ఎగరేసి, తెర ముందు డ్యాన్సులు వేసి, మర్నాటికి మర్చిపోయే రీరిలీజులతో ఆ లోటు తీరదు.

పద్మాలయా వాళ్లు మనసు పెడితే ఒక పెట్టె చాలు. అందులో ‘మోసగాళ్లకు మోసగాడు’ 1971 నాటి ఇరుకు చట్రంలోనే, మోనో ట్రాక్‌తో. పక్కనే ఇంగ్లిష్ ‘ట్రెజర్’ కూర్పు, ఏ పాట పోయిందో ఏ ఫైటు మిగిలిందో పోల్చి చూసుకునేలా. తమిళ, హిందీ డబ్బింగ్ ట్రాకులు. తర్వాత డిస్కు ‘అల్లూరి సీతారామరాజు’ పూర్తి స్కోప్ వెడల్పులో. మూడోది 1986 నాటి ‘సింహాసనం’, తెలుగులో తొలి 70 ఎంఎం. మూడింటికీ స్వామి కెమెరానే. ఏ ఒక్కదాన్నీ టీవీ కొలతకు కోయకుండా ఇస్తే, ధర ఎంత పెట్టినా కవాడిగూడ నుంచి కూకట్‌పల్లి దాకా కొనేవాళ్లున్నారు.